పారకు ముందు రిబ్బను

న్యూజెర్సీ తెలుగువాళ్లకు బేర్ మౌంటెన్ కొత్త చోటేమీ కాదు. సెలవురోజు పొద్దున్నే పులిహోర కలుపుకుని పిల్లాపాపలతో బయల్దేరేవాళ్లు చాలామందే. హడ్సన్ నది పక్కనున్న ఆ కొండ దగ్గరే 1923లో అపలాచియన్ ట్రైల్ తొలి ముక్క తెరిచారు. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే ఈ కాలిబాటను బెంటన్ మెకాయ్ అనే అటవీ నిపుణుడు 1921లో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. 1937 కల్లా పూర్తయింది. ప్రభుత్వ శిబిరాల కుర్రాళ్లు కొంత తవ్విపెట్టారు గానీ, అడవిలో పడి దారి వెతికినవాళ్లలో ఎక్కువమంది సెలవురోజుల్లో వచ్చిన మామూలు ఉద్యోగులు. ఇప్పటికీ దాని ఆలనాపాలనా ఎక్కువగా అలాంటివాళ్ల చేతుల్లోనే ఉంది.

బాట వేయడమంటే గునపం, పార గుర్తొస్తాయి. అసలు విద్య అంతకుముందే ఉంది. బాట ఎటు సాగాలో చెప్పే గీత తప్పుగా పడితే ఆ తర్వాత ఎంత చెమటోడ్చినా బాట నిలవదు. అందుకే ఈ స్వచ్ఛంద బృందాల్లో నేను ఎక్కువ గౌరవించేది పార పట్టినవాళ్లకన్నా ముందు నడిచి రిబ్బను కట్టేవాళ్లను.

పని మ్యాపు దగ్గర మొదలవుతుంది. ఎత్తును చూపే కాంటూర్ గీతలు ఒత్తుగా ఉన్నచోట కొండ నిటారుగా ఉంటుంది, ఎడంగా ఉన్నచోట చదును. బాట తప్పక తాకాల్సిన చోట్లు ముందు గుర్తుపెడతారు: నది కనిపించే రాతిచట్టు, వాగు దాటడానికి గట్టి నేలున్న రేవు. తాకకూడనివీ ఉంటాయి. చిత్తడి నేల, అరుదైన మొక్కలు పెరిగే తావు, పాత సమాధులు, అనుమతి ఇవ్వని ఆసామి పొలం. ఒకదాన్ని కలుపుకుంటూ, ఇంకొకదాన్ని తప్పిస్తూ పెన్సిలుతో నాలుగైదు గీతలు గీస్తారు. అడవిలో అడుగుపెట్టాక వాటిలో సగం చెరిగిపోతాయి.

అడవిలోకి వెళ్లేది ఆకులు రాలాక. ఎండాకాలం గుబురులో పది గజాల అవతలేముందో తెలియదు. నవంబరులో మోడుల మధ్య నుంచి కొండ ఒంపులన్నీ బయటపడతాయి.

అప్పుడు చేతిలో ఉండేది క్లైనోమీటర్, వాలు కొలిచే, గుప్పిట్లో ఇమిడే చిన్న పరికరం. రెండు కళ్లూ తెరిచే చూడాలి. ఒకటి లోపలి అంకెల మీద, రెండోది ఎదుటి మనిషి మీద. కొలత మొదలుపెట్టే ముందు ఇద్దరూ చదును నేల మీద ఎదురెదురుగా నిలబడి, మన కంటి ఎత్తు అవతలివారికి ఎక్కడ తగులుతోందో చూసుకుంటారు. ముక్కు దగ్గరా, టోపీ అంచు దగ్గరా? ఇక రోజంతా గురి అక్కడికే. తోటివారు కాస్త ముందుకెళ్లి చరియ మీద నిలబడతారు. "ఇంకొంచెం పైకి... కాస్త కిందికి... అక్కడే ఉండండి." అంకె 8 శాతం చూపగానే దగ్గరి కొమ్మకు రిబ్బను ముడి పడుతుంది. కట్టిన రిబ్బను దగ్గర నిలబడితే తర్వాతిది కంటికి ఆనాలి.

ఈ కొలతలన్నీ నీటి కోసమే. నీరు పల్లమెరుగు. బాట నేరుగా కొండెక్కితే వానకు అదే కాలువైపోతుంది. మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. ఆ రాళ్లను తప్పించుకోవాలని జనం పక్కకు నడుస్తారు, బాట వెడల్పై అడవిని తినేస్తుంది. అందుకే చరియకు అడ్డంగా, మెల్లగా ఎక్కించాలి. చరియ వాలు ఎంతుంటే బాట వాలు అందులో సగం దాటకూడదన్నది వీళ్ల మొదటి సూత్రం. 30 శాతం వాలున్న చరియ మీద బాట 15 దాటకూడదు. మొత్తం మీద సగటు 10 శాతం దగ్గర ఉంటే మేలు. ఎక్కే బాటను కూడా అక్కడక్కడా నాలుగడుగులు కిందికి దించుతారు, పోగైన నీళ్లు అక్కడ పక్కకు జారిపోవడానికి.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో బేర్ మౌంటెనే చూపించింది. పాత దారి నిటారుగా ఉండేది, వచ్చే జనమూ ఎక్కువే. నేల కోసుకుపోయి, చివరికి కొత్త దారి వేయాల్సి వచ్చింది. పదేళ్లకు పైగా సాగిన ఆ పని 2018లో ముగిసింది. ఏటవాలు తప్పనిచోట వెయ్యికి పైగా గ్రానైట్ మెట్లు చేత్తో చెక్కి పరిచారు. అలిపిరి మెట్లెక్కినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. నేరుగా ఎక్కే దారి అన్ని కాళ్లను మోయాలంటే రాయి కావాల్సిందే. రాయి వేయలేనిచోట ఓపిగ్గా చుట్టు తిరగాలి.

మలుపుల విషయంలో మనిషి స్వభావాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. కింది మలుపు నుంచి పైబాట కనిపిస్తే అడ్డంగా తొక్కుకుంటూ పోతారు. కాబట్టి మలుపును పెద్ద బండ వెనకో, దట్టమైన పొద చాటునో పెడతారు.

ఒకసారి రిబ్బన్లు కట్టేస్తే సరిపోదు. పైనుంచి కిందికి నడిస్తే గీత వేరుగా తోస్తుంది. ఎక్కేటప్పుడు తేలిగ్గా అనిపించింది దిగేటప్పుడు జారుడుబల్ల. వాన పడుతుండగా మళ్లీ వెళ్లి నీళ్లు ఎటు పోతున్నాయో చూసేవాళ్లున్నారు. ఆ అడవి ఎరగనివాళ్లను నడిపించి, ఎక్కడ తడబడ్డారో అక్కడ రిబ్బను జరిపేవాళ్లున్నారు. ఇంతా అయ్యాక నేల ఎవరి అజమాయిషీలో ఉంటే వాళ్లకు చూపించాలి. ప్రభుత్వ అడవుల్లో వృక్షశాస్త్రజ్ఞులు, పురావస్తు నిపుణులు కూడా నడిచి చూస్తారు. ఫలానా చోట అరుదైన మొక్క ఉందంటే గీత మళ్లీ మొదటికొస్తుంది. నెలల పని అలా పోయినా, పక్క చరియ మీద మళ్లీ క్లైనోమీటర్ పట్టేవాళ్ల వల్లే ఆ మొక్కా బతుకుతోంది, బాటా పడుతోంది.

అనుమతి వచ్చాక సన్న కడ్డీలకున్న చిన్న జెండాలు అడుగడుగునా నేలలో గుచ్చుతారు. ఎక్కడ కోయాలో, ఏ వేరును వదిలేయాలో పార పట్టినవాళ్లకు అవే చెబుతాయి. తవ్వకం అయ్యాక రిబ్బన్లు, జెండాలు ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయాలి. ప్లాస్టిక్ ముక్క వదిలేసి వచ్చినవాళ్లను ఈ బృందాల్లో ఎవరూ మెచ్చుకోరు. తర్వాత అపలాచియన్ ట్రైల్ చెట్ల మీద ఉండేది దారి చూపే, రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న తెల్లరంగు పట్టీ మాత్రమే.

మనవాళ్లలో ఇంజినీర్లకు కొదవ లేదు. శాతాలు, వాలులు కొత్త కాదు. మనుషులు కావాలని ట్రైల్ సంస్థలు అడుగుతూనే ఉంటాయి. వెళ్లాలనుకుంటే గట్టి బూట్లు, చేతులు కప్పే చొక్కా, వేట అనుమతించే అడవైతే దూరం నుంచి కనబడే నారింజ రంగు కోటు వేసుకోండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఒంటి మీద పిడుదులు పట్టాయేమో చూసుకోవడం మరవకండి.