ముక్కు కోసం కట్టిన సముద్రం

చందర్లపాడు దగ్గర్లో కృష్ణ పారుతుంది గానీ సముద్రం మాత్రం దూరం. ఇలాంటి ఊళ్ళో సీతాకోకచిలుక చేపను పెంచాలంటే ముందు సముద్రాన్నే తయారుచేసుకోవాలి.

కాపర్‌బ్యాండ్ రకాన్ని చూడండి. పలుచటి ఒళ్ళు పగడాల సందుల్లో సులువుగా దూరిపోతుంది. నిలువు నారింజ పట్టీల్లో ఒకటి సరిగ్గా కంటి మీదుగా పోయి కన్నును దాచేస్తుంది. వెనక వీపు రెక్క మీద తెల్లంచు నల్లచుక్క ఉంటుంది. శత్రువు దాన్నే కన్నుగా పొరబడుతుందని శాస్త్రజ్ఞుల ఊహ. అన్నిటికన్నా ముచ్చటైనది ముక్కు. కంసాలి పట్టకారులా సాగి, కొసన బుల్లి నోరు. రాతి చీలికలో దాగిన పురుగును పైకి లాగడానికే అది ఉంది.

ఇక నీళ్ళు. బోరు నీళ్ళలో ఏమేం కరిగి ఉన్నాయో చెప్పలేం కాబట్టి ఆర్వో నీళ్ళే వాడాలి. లీటరుకు 35 గ్రాముల చొప్పున 300 లీటర్ల తొట్టికి పదిన్నర కిలోల అక్వేరియం ఉప్పు పడుతుంది. వంటింటి ఉప్పు పనికిరాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా సముద్రంలోని పాళ్ళలోనే ఉండాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద ఒక్క చుక్క వేసి 1.025 దగ్గర గీత నిలిచిందో లేదో చూస్తారు. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు అవదు. అందుకే తగ్గిన మట్టాన్ని వట్టి ఆర్వో నీళ్ళతోనే నింపాలి. చుట్టుపక్కల జగ్గయ్యపేట, నందిగామ ఎండల్లో ఇది రోజూ ఉండే పని. నీళ్ళు 26 డిగ్రీలు దాటకుండా చిల్లరు, కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు కావాలి. వేడెక్కిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది.

కంటికి కనబడని పని రాళ్ళలో జరుగుతుంది. చేప విసర్జించే అమోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. అవి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపను తేవద్దు. తొందరపడితే చచ్చేది అదే. దీనికి తోడు మురికి తీసే స్కిమ్మరు సన్నటి బుడగలను వదులుతుంది. నీళ్ళలో కరిగిన మలినాలు వాటికి అంటుకుని నురగగా పైకెక్కి కప్పులో చేరతాయి.

కొనేముందు దుకాణంలోనే చేప తినడం కళ్ళారా చూడాలి. సీతాకోకచిలుక చేపల కుటుంబంలో కొన్ని జాతులు బతికున్న పగడాలు తప్ప ఏమీ తినక ఎండిపోతాయి. వాటి జోలికి పోకపోవడమే మేలు. కాపర్‌బ్యాండుకు తెరిచిన ఆల్చిప్పను రాళ్ళ మధ్య నిలబెడితే, ముక్కుతో పొడిచి మాంసాన్ని కొద్దికొద్దిగా తుంచుకుంటుంది. అలా అలవాటు పడ్డాక గడ్డకట్టించిన మైసిస్ రొయ్యల్ని రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా వెయ్యవచ్చు. మిగిలిన ముక్కల్ని ఆ పూటే సైఫనుతో తీసెయ్యాలి, లేకపోతే కుళ్ళి మళ్ళీ అమోనియా అవుతాయి.