మోండా మార్కెట్ బేరాలు

అరవై దాటామని తెలియగానే పిల్లలు సుడోకు పుస్తకాలు కొనిపెడతారు. రెండు పేర్లు మర్చిపోతే సరస్వతి ఆకు లేహ్యం ఇంటికొస్తుంది. నేను కాదనను గానీ, నాకు మోండా మార్కెట్లో కూరలు బేరమాడటమే ఇష్టం. ఒక బండి దగ్గర తెలుగు, పక్క బండి దగ్గర దక్కనీ. ‘నక్కో భాయ్’ అంటూ రెండడుగులు వేస్తేనే ధర దిగుతుంది.

ఈ అలవాటుకి శాస్త్రం తోడు దొరికింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. అంతకుముందు కెనడాలోనూ ఇలాంటిదే తేలితే, ‘వాళ్లలో వలస వచ్చినవాళ్లు ఎక్కువ కదా’ అని కొందరు పెదవి విరిచారు. ఇక్కడ ఆ పేచీ లేదు. పైగా బడి మొహం చూడనివాళ్లలోనూ తేడా కనిపించింది కాబట్టి, చదువు మహిమ అనడానికీ లేదు. ఒక భాషలో మాట్లాడుతున్నంతసేపూ రెండోదాన్ని నోటిదాకా రాకుండా ఆపడమే మెదడుకి కసరత్తు అని పరిశోధకుల ఊహ. మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనపడలేదట. తర్వాత వేరేచోట్ల జరిగిన అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు. నేను మాత్రం మార్కెట్ మానను.

అయితే బేరమాడాలంటే ముందు వినపడాలి. డిమెన్షియాపై 2024 లాన్సెట్ కమిషన్ ఆ జబ్బుకి దారితీసే 14 ముప్పుల జాబితా ఇచ్చింది. బీపీ, షుగరు, సిగరెట్టు సంగతి డాక్టర్లు ఎప్పుడూ చెప్పేదే. అన్నిటికంటే ముందు వరసలో, చెడు కొలెస్ట్రాల్‌తో సమానంగా నిలిచింది వినికిడి లోపం. మన ఇళ్లలో కళ్లజోడుకి లేని సిగ్గు చెవి మిషనుకి ఎందుకో! వినపడనివాళ్లు మెల్లగా మాటలు తగ్గిస్తారు, పెళ్లిళ్లలో మూల కుర్చీ వెతుక్కుంటారు. ఇంట్లోవాళ్లేమో ‘పెద్దాయన శాంతంగా మారారు’ అని సంబరపడతారు.

మిషను కొనగానే పనైపోదు. మొదట్లో గిన్నెల చప్పుడు, మిక్సీ రొద, అన్నీ మీద పడతాయి. చాలామంది దాన్ని బీరువాలో పడేసేది అప్పుడే. ఆడియాలజిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి, రోజూ కొంచెంకొంచెంగా అలవాటు చేసుకోవాలి. మా బాబాయిని ఆ దశ దాటించేసరికి పిన్నికి నీరసం వచ్చింది. ఇప్పుడు టీవీ సౌండు తగ్గించమని ఆయనే మనవళ్లని కేకలేస్తున్నారు.