కీలులోని నలుపును చదవడం

మోకాలి ఎమ్మారై ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మామూలు కంటికి ముందు తగిలేది తెలుపు. చదవడం వచ్చిన రేడియాలజిస్టు చూపు మాత్రం నలుపు మీద వాలుతుంది. ఎముకలను కట్టి ఉంచే లిగమెంటు నల్లగా ఉండాలి. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నల్లగా ఉండాలి. ఎముక పైపెంకు ఎక్కడా తెగకుండా నల్లగీతలా సాగాలి. ఆ నలుపులోకి తెల్లటి చార దూరితే అక్కడ ఏదో తెగింది, లేదా చిట్లింది, లేదా నీరు పట్టింది. దాదాపు నలభై ఏళ్లుగా ఎముకల రేడియాలజీలో సీనియర్లు జూనియర్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతున్న విద్యలో సగం ఈ నలుపుతో పరిచయమే.

ఈ విద్య మోకాలి దగ్గర ఒకలా, తుంటి దగ్గర మరోలా అక్కరకొస్తుంది. మోకాలి బొమ్మ అవసరానికి మించి మాట్లాడుతుంది. తుంటి బొమ్మ మరే పరీక్షా సమయానికి చెప్పలేనిది చెబుతుంది. మనవాళ్లు మాత్రం మోకాలికి తొందరపడి, తుంటికి తాత్సారం చేస్తారు. ఈ వరస తిరగబడాలన్నదే నా వాదన.

ముందు నలుపు సంగతి. ఎమ్మారై ఎముకకు ఫొటో తీయదు, ఒంట్లోని హైడ్రోజన్ ప్రోటాన్లు పలికేది వింటుంది. నీటిలోనూ కొవ్వులోనూ హైడ్రోజన్ దండిగా ఉంటుంది. 1.5 టెస్లా అయస్కాంతంలో ఈ ప్రోటాన్లు సెకనుకు సుమారు 6.4 కోట్ల సార్లు బొంగరంలా తల ఊపుతాయి. సరిగ్గా అదే వేగంతో రేడియో తరంగం పంపితే దాని శక్తిని పుచ్చుకుంటాయి, తరంగం ఆగగానే తిరిగి వదిలేస్తాయి. వదిలిన ఆ కాస్త సంకేతమే బొమ్మకు ముడిసరుకు. లిగమెంటులో కొలాజెన్ పోగులు బిగుతుగా అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య ఇరుక్కున్న నీరు కదలలేదు, దాని పలుకు సంకేతాన్ని పట్టే కాయిల్ చెవిన పడేలోపే చల్లారిపోతుంది. అందుకే అది నల్లగా కనిపిస్తుంది. పోగులు తెగితే అక్కడికి చేరిన నీరు స్వేచ్ఛగా ఉంటుంది, చాలాసేపు పలుకుతుంది, తెల్లగా వెలుగుతుంది.

దీని వెనక చరిత్ర పెద్దదే. ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ ఈ పలుకును 1946లో విడివిడిగా పట్టుకున్నారు, 1952లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ పలుకు ఒంట్లో ఏ మూల నుంచి వస్తోందో కనిపెట్టి బొమ్మగా మార్చవచ్చని పాల్ లాటర్‌బర్ 1973లో చూపించాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని వేగవంతం చేశాడు. ఇద్దరికీ 2003లో వైద్య నోబెల్ వచ్చింది. 1977లో మనిషి ఒంటిని స్కాన్ చేసి చూపించిన రేమండ్ దమాదియన్‌కు వాటా దక్కలేదు. ఆయన ఊరుకోలేదు, పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చి మరీ పోట్లాడాడు.

స్కాన్ గదిలో తొలి పరీక్ష రోగి నగలకే. బంగారు తాళిని అయస్కాంతం లాగదు. పసుపుతాడుకు గుచ్చిన పిన్నీసును మాత్రం లాగుతుంది. వెండి మెట్టెలు ఎగిరిపోవు గానీ వేడెక్కే అవకాశముంది, దగ్గర్లోని బొమ్మనూ చెడగొట్టవచ్చు. తుంటి స్కానుకైతే మొలతాడుకు కట్టిన తాయెత్తు కూడా చూడాలి, లోపలి రేకు ఏ లోహమో కట్టినవాళ్లకే తెలియదు. టెక్నీషియన్ ఇవన్నీ తీయమన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. టెక్నీషియన్ పట్టుదల చాదస్తం కాదు. 2018లో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో స్కాన్ గదిలో అడుగుపెట్టిన మనిషి ప్రాణాలు కోల్పోయాడు. బయట బోర్డు మీద రోగి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయినా, అయస్కాంతం మాత్రం రాత్రీపగలూ పనిలోనే ఉంటుంది. సున్నాకు దిగువన 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన దాని తీగచుట్టలకు రోజూ ఆపి మళ్లీ వేసే స్విచ్ లేదు.

మంచి బొమ్మలో టెక్నీషియన్ పనితనం ఎంతో ఉంటుంది, దాని గురించి ఎవరూ రాయరు. మోకాలిని కాయిల్‌లో పెట్టి, చుట్టూ స్పాంజి ముక్కలు దోపి, ఇరవై ముప్పై నిమిషాలు కదలకుండా ఉంచాలి. ఒక్కో కోత మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు. నిలువునా, అడ్డంగా, ఎదురుగా మూడు దిక్కుల నుంచీ కోతలు తీయాలి. ఏసీఎల్ అనే ముందు లిగమెంటు మోకాలి మధ్యలో వాలుగా సాగుతుంది. కోతను దాని వాలుకు తగ్గట్టు కాస్త తిప్పకపోతే ముక్కలు ముక్కలుగా కనబడి, బాగున్న లిగమెంటు కూడా తెగినట్టు భ్రమ కలిగిస్తుంది. మోకాలి వెనక కొట్టుకునే రక్తనాళం మరో తంటా. అది కొట్టుకున్నప్పుడల్లా బొమ్మ మీద మరక ఒక దిశలో పరుచుకుంటుంది. ఆ దిశను ముందే తల నుంచి కాళ్లవైపు మళ్లించి పెడితే మరక కీలు మీద పడకుండా పక్కకు పోతుంది. తెలిసిన టెక్నీషియన్ ఇది ఎవరూ చెప్పకుండానే చేస్తాడు.

ఇక చదవడం. కబడ్డీ కోర్టులో పాదం నేలకు ఆని ఉండగానే ఒళ్లు తిరిగిపోయి, లోపల టప్‌మని చప్పుడై, కాసేపట్లో మోకాలు బూరెలా ఉబ్బిందంటే ఏసీఎల్ తెగిందని బొమ్మ చూడకముందే అనుమానించాలి. బొమ్మలో నల్లటి తాడు ఉండాల్సిన చోట తెల్లటి గందరగోళం కనిపిస్తుంది. దానికంటే నమ్మకమైన సాక్ష్యం ఎముకల్లో ఉంటుంది. లిగమెంటు తెగిన క్షణంలో కీలు జారి, తొడ ఎముక బయటివైపు కొస కింది కాలి ఎముక వెనకంచును గుద్దుకుంటుంది. కొవ్వు వెలుగును అణిచి తీసిన బొమ్మలో ఆ రెండు చోట్లా తెల్లటి మరకలు ఎదురెదురుగా కనబడతాయి. ఎక్స్‌రేలో ఇవేవీ ఉండవు. దెబ్బ ఎలా తగిలిందో ఎముక వారాలపాటు రాసి ఉంచుకుంటుంది.

మెనిస్కస్ చదవడం ఇంకా నాజూకైన పని. కోతలో అది నల్లటి త్రికోణంలా కనబడుతుంది. వయసు మీదపడ్డవాళ్లలో ఆ త్రికోణం లోపల కాస్త తెలుపు ఉండటం మామూలే, అది ముదిమి గుర్తు. ఆ తెలుపు పైఅంచునో కిందఅంచునో తాకితేనే చిరుగు అనాలి. అదీ ఒక్క కోతలో కాకుండా రెండు కోతల్లో తాకితేనే ధైర్యంగా రాయాలన్నది వాడుకలో నిలబడిన నియమం. ఇందులో ఇంకో మాయ కూడా ఉంది. కొలాజెన్ పోగులు అయస్కాంత దిశకు సుమారు 55 డిగ్రీల వాలులో పడితే ఆరోగ్యంగా ఉన్నా తెల్లబడతాయి. తొందరపాటు మనిషి దీన్ని చిరుగు అని రాసేస్తాడు. నిదానస్తుడు పలుకును ఆలస్యంగా విని తీసిన మరో వరస బొమ్మలు తెరిచి చూస్తాడు, అక్కడ ఆ తెలుపు మాయమవుతుంది.

ఇంత నేర్పుతో పట్టుకున్న చిరుగు నొప్పికి కారణమేనా? ఇక్కడే నాకు పేచీ. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్లో 50 నుంచి 90 ఏళ్ల లోపు 991 మందికి, నొప్పి ఉందా లేదా అని చూడకుండా మోకాలి ఎమ్మారై తీశారు. ఫలితాలు 2008లో వచ్చాయి. మెనిస్కస్ చిరిగినవాళ్లలో 61 శాతం మందికి ముందు నెలంతా నొప్పి గానీ, పట్టేయడం గానీ లేదు. అదే ఊరి నుంచి 2012లో మరో లెక్క వచ్చింది. యాభై దాటి, ఎక్స్‌రేలో అరుగుదల ఏమీ కనబడని 710 మందిలో 89 శాతం మందికి ఎమ్మారైలో ఏదో ఒక లోపం బయటపడింది. నొప్పి లేనివాళ్లకూ ఉన్నవాళ్లకూ ఈ విషయంలో పెద్దగా తేడా లేదు. ఫిన్లండ్ డాక్టర్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. వయసుతో మెనిస్కస్ చిరిగిన 146 మందిలో కొందరికి నిజంగా కత్తిరించారు, మిగతావారికి ఆపరేషన్ చేసినట్టు నటించారు. ఏడాది తర్వాత రెండు గుంపులూ ఒకేలా కోలుకున్నాయని 2013లో ప్రకటించారు.

అంటే నడివయసు దాటినవారి మోకాలి రిపోర్టులో చిరుగు అని రాసి ఉండటం తలలో నెరిసిన వెంట్రుకలు ఉన్నాయని రాయడం కంటే పెద్ద విశేషమేమీ కాకపోవచ్చు. చేతిలో రిపోర్టు పట్టుకుని 'గుజ్జు అరిగిపోయిందట, చిరుగు కూడా ఉందట' అని దిగాలుపడి కూర్చునే పిన్నిగారికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. మెట్లెక్కితే నొప్పి, బాసింపట్లు వేసుకుని కూర్చుంటే లేవలేకపోవడం లాంటి బాధలకు ముందు కావాల్సింది ఎమ్మారై కాదు. నిలబెట్టి తీసిన మామూలు ఎక్స్‌రే. ఎమ్మారైని పడుకోబెట్టి తీస్తారు, కీలు మీద బరువే ఉండదు. బరువు పడినప్పుడు రెండు ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో నిలువు ఎక్స్‌రే చూపిస్తుంది, ఖర్చు కూడా ఎన్నో రెట్లు తక్కువ. మోకాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయి చాపలేకపోవడం, ఆటలో దెబ్బ, జ్వరంతో వాపు, రాత్రిపూట తగ్గని నొప్పి ఉన్నప్పుడు ఎమ్మారై వెంటనే కావాలి. అంత మాత్రాన అరిగిన మోకాలి ఎమ్మారై మొత్తం వృథా అని కాదు. గుజ్జు కింది ఎముకలో కనిపించే తెల్లటి వాపు మరకలకూ నొప్పికీ సంబంధముందని బోస్టన్‌కు చెందిన డేవిడ్ ఫెల్సన్ బృందం 2001లోనే చూపింది. చిరుగు కంటే ఆ మరకే ఎక్కువ నిజం చెబుతుంది. అయినా రిపోర్టులో అందరి కళ్లూ చిరుగు మీదే ఆగుతాయి.

మన దగ్గర వచ్చే ప్రతి రిపోర్టు చివరా రోగి లక్షణాలతో సరిచూసుకోగలరు అని ఒక వాక్యం ఉంటుంది. కొందరు దాన్ని రేడియాలజిస్టు తప్పించుకునే దారి అంటారు. నా లెక్కలో రిపోర్టు మొత్తంలో అంతకంటే నిజాయితీ గల వాక్యం లేదు. మోకాలిని ఇరవై ముప్పై డిగ్రీలు వంచి, కింది కాలిని ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్ష ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఆ నిమిషం కేటాయించని డాక్టరు చేతిలో ఎంత మంచి ఫిల్మయినా సగమే పలుకుతుంది.

తుంటికి వస్తే ఈ తూకం పూర్తిగా మారిపోతుంది. మోకాలిని తడిమి చూడవచ్చు. తుంటి కీలు కండల అడుగున ఎక్కడో లోతున ఉంటుంది, వేళ్లకు అందదు. ఎక్స్‌రే కూడా అక్కడ ఆలస్యంగా మేలుకుంటుంది. తొడ ఎముక తలకు రక్తం సన్నటి దారుల్లోనే అందుతుంది. ఆ దారులు మూసుకుపోతే ఎముక లోపల్లోపలే చచ్చిపోవడం మొదలవుతుంది. దీన్ని ఏవీఎన్ అంటారు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు, మద్యం, తొడ మెడ విరగడం దీనికి పేరున్న కారణాలు. సికిల్ సెల్ జబ్బు మరొకటి. ఆదిలాబాద్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా వరకూ మన ఏజెన్సీ ప్రాంతాల్లో అది ఉన్నదే, దాని మీద కేంద్రం 2023లో ఒక జాతీయ మిషనే మొదలుపెట్టింది. కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడినవాళ్లలో ఏవీఎన్ కేసులను ముంబయి డాక్టర్లు 2021లోనే పత్రికకెక్కించారు.

మొదట్లో గజ్జల్లో లాగుడు, కాస్త కుంటు, అంతే. ఎక్స్‌రే బాగానే ఉందంటారు. అదే సమయంలో తీసిన ఎమ్మారైలో తొడ తల మధ్య నల్లటి గీత ఒక ద్వీపాన్ని చుట్టినట్టు కనబడుతుంది. ఆ గీత బతికిన ఎముకకూ చచ్చిన ఎముకకూ మధ్య సరిహద్దు. ఇంకో వరసలో చూస్తే ఆ నల్లగీతకు లోపలిగా ఒక తెల్లగీత కూడా తోడవుతుంది, అది ఒళ్లు మరమ్మతు చేసుకోవడానికి పంపిన కొత్త కణజాలం. ద్వీపం లోపలి కొవ్వు తొలిరోజుల్లో మామూలుగానే కనబడి మోసం చేయవచ్చు, అందుకే లోపలి రంగును కాకుండా సరిహద్దును చదవాలి. ద్వీపం ఎంత పెద్దది, బరువు మోసే పైభాగంలో ఉందా లేదా అన్నది వైద్యాన్ని నిర్ణయిస్తుంది. తల ఇంకా కుంగకముందే దొరికితే ఎముకకు తూటు పొడిచి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్‌తో ప్రయత్నించవచ్చు. కుంగిందంటే చాలామందికి చివరికి మిగిలేది కీలుమార్పిడే, ముప్పై అయిదేళ్ల మనిషికైనా. ఏవీఎన్ చాలామందిలో రెండు వైపులా వస్తుంది కాబట్టి నొప్పి ఒక్క తుంటిలో ఉన్నా రెంటినీ కలిపి తీయాలి. ఒక్కదానికే తీసి పంపడం పొదుపు కాదు.

ఇంట్లో జారిపడ్డ బామ్మ కథ కూడా ఇలాంటిదే. కాలు కింద పెట్టలేకపోతోంది, ఎక్స్‌రేలో విరిగినట్టు కనబడలేదు, నాలుగు రోజులు పడుకోబెడితే సరిపోతుందని ఇంటికి తీసుకుపోతారు. అంటుకునే ఉన్న పగులు ఆమె లేచి నడిచినప్పుడు జరిగిపోతుంది, చిన్న మరలతో తేలే పని పెద్ద ఆపరేషన్ అవుతుంది. ముసలివాళ్ల తొడ ఎముకలో కొవ్వు నిండి ఉంటుంది గనుక టీ1 అనే రకం బొమ్మలో అది తెల్లగా వెలుగుతుంది, ఆ తెలుపులో సన్నటి పగులు కూడా నల్లటి గీతలా పట్టుబడుతుంది. ఎక్స్‌రేలో కనబడకపోయినా తుంటి విరిగిందన్న అనుమానం ఉంటే ఎమ్మారై తీయమని బ్రిటన్ మార్గదర్శకాలు రాసి పెట్టాయి. మన దగ్గర అక్కడే చేయి వెనక్కి లాగుతాం.

గర్భిణులకు చివరి నెలల్లో ఉన్నట్టుండి తుంటి నొప్పితో అడుగు పడకపోవడం ఒకటుంది. ఎముకలో నీరు చేరి తాత్కాలికంగా బలం తగ్గడం వల్ల వస్తుంది, ఎక్స్‌రే కిరణాలు అక్కర్లేకుండా ఎమ్మారై దాన్ని తేల్చేస్తుంది, ఎక్కువమందికి కొద్ది నెలల్లో తనంతట తనే తగ్గిపోతుంది. స్విట్జర్లండ్‌లోని బెర్న్‌కు చెందిన రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో వివరించిన తుంటి రాపిడి మరొకటి. తొడ తల, మెడ కలిసే చోట ఎముక గుబ్బ తేలి, కాలు మడిచినప్పుడల్లా తుంటి గిన్నె అంచుకున్న లేబ్రమ్ అనే మెత్తటి పట్టీని నలిపేస్తుంది. ఈ అంచు చిరుగును పట్టడానికి కొన్నిసార్లు కీలులోకి మందు ఎక్కించి బొమ్మ తీస్తారు. ఇక్కడ మాత్రం మోకాలి పాఠం మళ్లీ వర్తిస్తుంది, నొప్పి లేనివాళ్లలోనూ ఆ గుబ్బలు కనబడతాయి.

తుంటి నరాలు మోకాలికీ వెళతాయి. అందుకే తుంటి జబ్బు చాలాసార్లు మోకాలి నొప్పిగా బయటపడుతుంది, ముఖ్యంగా పిల్లల్లో. ఏడెనిమిదేళ్ల పిల్లాడు మోకాలు పట్టుకుని కుంటుతుంటే మోకాలికి స్కాన్ రాస్తారు, రిపోర్టు నిక్షేపంగా వస్తుంది, నొప్పుల మందు ఇచ్చి పంపుతారు. అసలు జబ్బు పైన తుంటిలో, పెర్తిస్ అనే జబ్బు రూపంలో తొడ తలను తినేస్తూ ఉండవచ్చు. పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి తొడను లోపలికి తిప్పి చూస్తే, బిగుసుకుపోయిన తుంటి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. అది చూడకుండా మోకాలికి రాసిన కాగితంతో పిల్లాడు స్కాన్ బల్ల దాకా వచ్చేసినా దారి మూసుకుపోలేదు. మోకాలి బొమ్మ శుభ్రంగా ఉందని గమనించిన రేడియాలజిస్టు రాసిన డాక్టరుకు ఒక ఫోన్ చేసి, రెండు తుంటులనూ కలిపి ఎదురుగా ఒక్క వరస తీయించవచ్చు. అది కొద్ది నిమిషాల పని.