చేటలో పక్కకు తీసిన గింజ

తొలకరికి ముందు మా ఇంట్లో విత్తనం బుడ్డలు వలిచేవాళ్లం. కర్నూలు వైపు వేరుశనగను బుడ్డలంటాం, కడప వైపు పోతే శెనక్కాయలు. అమ్మ చేట ముందేసుకుని నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి పక్కకు తీసేది. "అవి నోట్లో ఏసుకోవద్దు నాయనా" అనేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

అడిగినవాళ్లు వేరే ఉన్నారు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతుకుతూ పోతే, బ్రెజిల్ నుంచి దాణాకు తెచ్చిన వేరుశనగ చెక్క దగ్గర ఆచూకీ దొరికింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అందులో వదిలిన విషమే అఫ్లాటాక్సిన్. అది కాలేయ క్యాన్సర్ తెస్తుందని తర్వాత తేలింది. వేయించినా పూర్తిగా పోదు. కాయ ఊరే వేళ వాన మొహం చాటేస్తే ఈ బెడద ఎక్కువ. మన సీమ చేలకు అది ఏటా ఉండే భయమే.

ఆ తర్వాతి కథ నన్ను మరీ కదిలిస్తుంది. 1979లో ఎస్‌వీ40 అనే కోతి వైరస్‌ను పరిశీలిస్తున్నవాళ్లకు పీ53 అనే ప్రొటీన్ కనబడింది. మొదట దాన్ని క్యాన్సర్‌ను పెంచేదనుకున్నారు. పదేళ్లకు, 1989లో, అది క్యాన్సర్‌ను అడ్డుకునే కాపలాదారని తెలిసింది. 1991లో చైనాలోనూ, ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలోనూ, అఫ్లాటాక్సిన్ ఎక్కువగా తిండిలో చేరే చోట్ల, రోగుల కాలేయ కణితులను పరీక్షించారు. పీ53 జన్యువులో 249వ స్థానం దగ్గరే దెబ్బ పదేపదే కనిపించింది. కోతి వైరస్‌తో కుస్తీ పట్టినవాళ్లకు మా అమ్మ చేట సంగతి తెలియదు. అయినా, ఆమె పక్కకు తీసిన గింజ మనిషి కణంలో ఎక్కడ కాటేస్తుందో తెలిసింది వాళ్ల పని ఉండబట్టే.

దీనివల్ల రేపటికి లాభమేమిటని 1979లో నిలదీసి డబ్బు ఆపి ఉంటే, ఆ దారి అక్కడే మూసుకుపోయేది. మెట్ట రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. వాన ఖాయమైతేనే విత్తుతానని అతను కూర్చోడు.

ఆస్పత్రులకు, మందులకు డబ్బు కావాల్సిందే. అందులో కోత పెట్టమనడం లేదు. ప్రభుత్వాలకు, దాతలకు నా విన్నపం ఒకటే: ఫలితమేమిటో ముందుగా చెప్పలేని ప్రశ్నలకూ కొంత సొమ్ము విడిగా తీసిపెట్టండి. రేపు కర్నూలులోనో కడపలోనో ఒక విద్యార్థి అలాంటి ప్రశ్నతో మీ ముందుకొస్తే, ఉపయోగమేమిటని అడిగే ముందు ఆ ప్రశ్నను పూర్తిగా వినండి.