టీకా వేసే చేయి

నీలం పెట్టె భుజాన తగిలించుకుని వచ్చే ఏఎన్ఎం అక్క పనితనం చూసి తీరాలి. ఆ పెట్టెలోని టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. సీసాపై గుర్తులో లోపలి చదరం చుట్టూ ఉన్న వలయమంత ముదిరిందా, ఆ సీసా పక్కకే. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టు-రుబెల్లా టీకా కుడి జబ్బకు, చర్మం కిందికి. ఆమె పని క్షణంలో అయిపోతుంది.

ఒంట్లో అసలు పని అప్పుడే మొదలు. టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను గుర్తుపట్టగల బి కణాలు మాత్రమే, ఎన్నో లక్షల రకాల్లోంచి, మేల్కొంటాయి. టి కణాల తోడుతో పెరిగి యాంటీబాడీలు తయారుచేస్తాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్లతరబడి నిలుస్తాయి. ఎంత అద్భుతం! అసలు తట్టు వైరస్ ఎదురైన నాడు అవే వేగంగా తిరగబడతాయి.

రెండో డోసు 16-24 నెలల మధ్య. అక్క కార్డులో రాసిచ్చిన తేదీ తప్పనివ్వకండి.