బలపం పట్టే వయసు

దసరాల్లో మూలా నక్షత్రం నాడు బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతి అలంకారం. ఆ రోజు క్యూలో పలకలు పట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని నిలబడేవాళ్లని చూస్తే, ఆ పిల్లల వయసు ఏటేటా తగ్గుతోందనిపిస్తుంది నాకు. మా పెద్దవాళ్ల లెక్కలో అక్షరాభ్యాసమంటే ఐదో ఏడు. ఇప్పుడు ప్లేస్కూలు రెండున్నరకే రమ్మంటోంది గనక, పాలసీసా మానకముందే చేతికి బలపం వస్తోంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకటో తరగతి పిల్లలతో అక్షరాలు దిద్దించాను. రిటైరయ్యాక సత్యనారాయణపురంలో మా అరుగు మీద సాయంత్రం పూట అదే పని. పలక మీద పెద్ద ‘అ’ రాసిచ్చి, దాని మీదే బలపాన్ని మళ్లీ మళ్లీ తిప్పించాలి. గీత లావెక్కి అక్షరం బూడిదగుమ్మడికాయంత అయ్యాక తుడిచి మళ్లీ మొదలు. దిద్దించేవాళ్లు చూడాల్సింది అక్షరాన్ని కాదు, చేతిని. బలపాన్ని గుప్పిట్లో బిగించాడా, మూడు వేళ్లతో పట్టుకున్నాడా? కదిలేది వేళ్లా, భుజమా? భుజం మొత్తం ఊగుతుంటే వాడికింకా వేళ కాలేదన్నమాట.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రేలో కనపడవు. ఏడాది నిండేసరికి మామూలుగా రెండు గట్టిపడతాయి. మిగతావి ఒక్కొక్కటే ఆరేడేళ్ల దాకా గట్టిపడుతూ ఉంటాయి. ఎనిమిదోది కనపడేసరికి పదేళ్లు దగ్గరపడతాయి. (వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే తీయించేది ఇందుకే.) వేళ్లని నడిపే కండరాలూ నరాలూ కూడా తమ తీరికన ఎదిగేవే. ఆడపిల్లల్లో ఎముకలు ముందుగా గట్టిపడతాయి. ‘నీకంటే పక్కింటి పాప నయం, ముత్యాల్లా రాస్తుంది’ అని ఐదేళ్ల మగపిల్లాణ్ణి దెప్పేవాళ్లకి ఈ సంగతి చెబుతుంటాను. నమ్మరు.

వీధిబడి పంతుళ్లకి ఎక్స్‌రేలు తెలియవు. అయినా ముందు ఇసకలో వేలితో రాయించేవారు. వేలితో రాసేటప్పుడు పట్టు అక్కర్లేదు, నొక్కడం అక్కర్లేదు, అక్షరం మలుపు మాత్రం చేతికి అలవాటవుతుంది. మరియా మాంటిస్సోరి పెన్సిల్ ఇవ్వకముందు గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు తిప్పించిందీ ఇందుకే. 1939లో మద్రాసు అడయారుకి వచ్చిన ఆవిడ, యుద్ధం ముంచుకురావడంతో ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయారు. ఆ పద్ధతిలో బెజవాడలో 1955లో బడి పెట్టిన కోటేశ్వరమ్మగారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. నేనైతే ఇప్పటికీ పళ్లెంలో కృష్ణ ఇసక పోసే మొదలుపెడతాను. ఇసక దొరకని రోజుల్లో ఉప్మా రవ్వ పోశాను, ఇంట్లోవాళ్లు గొణిగారు.

అద్దంలో చూసినట్టు తిరగేసి రాయడం ఇంకో గొడవ. ఐదేళ్ల పిల్ల 3ని అటు తిప్పి రాస్తుంది, ఇంగ్లీషు బి బదులు డి పెడుతుంది. తల్లికి గుండెల్లో రాయి పడుతుంది. నిజానికి ఆ పిల్ల మెదడు తన పని తాను సరిగ్గానే చేస్తోంది. కాకి అటు తిరిగి కూర్చున్నా ఇటు తిరిగి కూర్చున్నా కాకే అని గుర్తుపట్టేలా తయారైన మెదడది. లోకంలో ఏ వస్తువుకీ లేని నియమం, తిరగేస్తే ఇంకొకటైపోవడం, అక్షరాలకీ అంకెలకీ ఉంది. పాత అలవాటు వదులుకుని కొత్తది నేర్చుకోడానికి ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పడుతుంది. వేళ్ల మీద కొడితే ముందు రాదు.

అలాగని వయసొస్తే అన్నీ అవే వస్తాయని చేతులు ముడుచుకు కూర్చోమనడం లేదు. మా అరుగు మీద ఐదేళ్లవాళ్లు ఇద్దరుంటే, ఒకడు నాలుగు గీతలు గీసి గోడకి చేరబడతాడు. కనురెప్ప కిందకి లాగి చూస్తే తెల్లగా ఉంటుంది. కాలవల నీళ్లతో పచ్చగా కనపడే డెల్టా మనది, పిల్లల పళ్లెంలో మాత్రం పాలిష్ బియ్యమే ఎక్కువ. 2019 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనత ఉన్నవాళ్లు, ముగ్గురు వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు. ఇనుము చాలకపోతే మెదడులో నరాల పైపొర సరిగ్గా ఏర్పడదు. అలాంటి పిల్లాడికి కావలసింది ముందు పలక కాదు, గుడ్డు.

పోయింది తిరిగి రాదా అంటే, కొంత వస్తుంది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘యంగ్ లైవ్స్’ పేరుతో 3,000 మంది పిల్లల్ని ఎంచుకుని ఏళ్ల తరబడి వెంట నడిచారు. మన పక్కనున్న పశ్చిమ గోదావరి కూడా అందులో ఉంది. పసితనంలో కరువు దెబ్బ తగిలి ఎదుగుదల కుంగిన పిల్లలు, 2003లో మొదలైన బడి భోజనంతో చాలావరకు కోలుకున్నారని ఆ లెక్కల్లో తేలింది. తిండితోపాటు మాటా కావాలి. జమైకాలో 1986 ప్రాంతంలో ఎదుగుదల తగ్గిన రెండేళ్లలోపు పిల్లల ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట వెళ్లేవారు. ఇంట్లో దొరికినవాటితో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఏం మాట్లాడాలో తల్లికి చూపించేవారు. రెండేళ్లు, అంతే. ఆ పిల్లలే 22 ఏళ్లవాళ్లయ్యాక, అలాంటి సాయం అందనివాళ్లకంటే పాతికశాతం ఎక్కువ సంపాదిస్తున్నారు.

‘మావాడిది మేనమామ బుర్ర’ అనేవాళ్లకి ఇంకో ముచ్చట. నాలుగు దేశాల్లో 11,000 కవల జంటల లెక్కలు కలిపి 2010లో అచ్చేశారు. పిల్లల తెలివితేటల్లో కనపడే తేడాలకి వారసత్వం వాటా తొమ్మిదేళ్లప్పుడు 41 శాతం, పన్నెండేళ్లప్పుడు 55, పదిహేడేళ్లకి 66. పెద్దయ్యేకొద్దీ తగ్గుతుందనుకుంటాం, పెరుగుతోంది! ఎదిగిన పిల్లలు పుస్తకాలనీ స్నేహాలనీ తమ తీరుకి తగ్గట్టు తామే ఎంచుకుంటారు మరి. పసితనంలో ఇంట్లో ఏది దొరికితే అదే వాళ్ల లోకం. మన ఊరు మాత్రం తిరగేసి నడుస్తోంది. పదకొండేళ్లకి ఐఐటీ ఫౌండేషన్ అని, పదిహేనుకి గూడవల్లి, నిడమానూరు, ఈడ్పుగల్లు హాస్టళ్లని ఆస్తులమ్మి ఖర్చు పెడతాం. అంగన్‌వాడీలో గుడ్డు ఏ సైజుదో అడిగేవాళ్లుండరు.

ఈమధ్య ఒకమ్మాయి రెండున్నరేళ్ల కొడుకుని తెచ్చి, ‘దిద్దించండి మేడమ్’ అంది. చిక్కుడుకాయలు ముందేసుకుని వాడితో ఈనెలు తీయించమ్మా, తీసినంతసేపూ కబుర్లు చెప్పు, వాణ్ణీ చెప్పనియ్యి అన్నాను.

‘మరి రేపటికి రెండు పేజీలు స్టాండింగ్ లైన్లు హోంవర్క్ ఇచ్చారండీ?’

నువ్వే రాసి పంపించెయ్యమన్నాను.