ప్రపంచ శీతోష్ణస్థితి నివేదికలు – వర్ధమాన దేశముల శాస్త్రజ్ఞులు

శాస్త్రమునకు ఎల్లలు లేవని అందురు. ఉష్ణమాపకము జెనీవాలో నున్నను, కాంగోలో నున్నను ఒకే నియమము ననుసరించి పనిచేయును. ఇది నిజమే. కాని ఆ ఉష్ణమాపకమును ఎచట ఉంచవలెను, దాని కొలతలను ఎవరు వ్రాసియుంచవలెను, వానినుండి ఏ ప్రశ్నకు జవాబు వెదకవలెను అనునవి మనుష్యులు నిర్ణయించు విషయములు. ప్రపంచ శీతోష్ణస్థితి నివేదికలను పరిశీలించినపుడు ఈ సంగతి స్పష్టమగును.

శీతోష్ణస్థితి మార్పును గురించి ప్రభుత్వములకు తెలియజేయుటకై ప్రపంచ వాతావరణ సంస్థయు, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమును కలిసి 1988లో ఐ.పి.సి.సి. అను సంఘమును నెలకొల్పినవి. నేడు ఇందు 195 దేశములు సభ్యులు. ఈ సంఘము స్వయముగా పరిశోధనలు చేయదు. ఇతరులు ప్రకటించిన పరిశోధనలను తూచి, వాని సారమును చెప్పును. ఆరవ నివేదికలో భౌతికశాస్త్ర సంపుటము 2021లో వెలువడెను. 66 దేశములకు చెందిన 234 మంది దానిని వ్రాసిరి. 14,000కు పైగా పరిశోధనలు అందు ఉదహరింపబడినవి. సమీక్షకులు పంపిన 78,007 వ్యాఖ్యలను రచయితలు పరిశీలించిరి. ఈ శ్రమకు ఐ.పి.సి.సి. వేతన మీయదు. ఇంత శ్రద్ధతో కూర్చిన శాస్త్రగ్రంథములు అరుదు.

అయినను ఇందొక లోపము కలదు. దానిని ఆ గ్రంథమే దాచక చూపుచున్నది. జనావాస భూభాగమును 45 ప్రాంతములుగా విభజించి, 1950ల నుండి భారీ వర్షములు ఎట్లు మారినవో ఒక పటములో గుర్తించిరి. 19 ప్రాంతములలో అవి పెరిగినవని తేలెను. 8 ప్రాంతములలో ఫలితములు ఒకదానితో నొకటి పొసగలేదు. మిగిలిన 18 ప్రాంతములకు సమాచారము చాలదని వ్రాసిరి. వీనిలో పెక్కు ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో ఉన్నవి. అచట వానలు మారలేదని దీని యర్థము కాదు. మారినవో లేదో చెప్పుటకు తగిన కొలతలు, వ్యాసములు లేవని యర్థము. పటము చూపునపుడు ఉపాధ్యాయులు ఈ భేదమును విద్యార్థులకు తప్పక చెప్పవలెను.

ఈ వెలితికి కారణమేమి? 2022లో వెలువడిన రెండవ సంపుటములోని ఆఫ్రికా ప్రకరణము కొంత జవాబు చెప్పుచున్నది. 1990 నుండి 2019 వరకు శీతోష్ణస్థితి పరిశోధనకు ప్రపంచమున లభించిన ధనములో ఆఫ్రికాను గురించిన పరిశోధనకు దక్కినది 3.8 శాతము. అందులోను 78 శాతము యూరోపియన్ యూనియన్, ఉత్తర అమెరికా సంస్థలకు పోయెను. ఆఫ్రికా సంస్థలకు చేరినది 14.5 శాతము. సొమ్ము ఎవరి చేతిలో నున్నచో ప్రశ్నను ఎన్నుకొను అధికారము కూడ చాలవరకు వారిదే యగును. 330 నుండి 360 కోట్ల ప్రజలు తీవ్రమైన అపాయమునకు లోనగు పరిస్థితులలో జీవించుచున్నారని ఆ సంపుటమే చెప్పుచున్నది. అపాయము హెచ్చుగా నున్న చోటనే కొలతలు తక్కువగా నుండుట తరచు కనబడును.

రచయితల యెన్నికలో మార్పు రాకపోలేదు. 2018లో ఆరవ నివేదికకు ఎన్నికైన వారిలో వర్ధమాన దేశములు, పరివర్తన దశలోని ఆర్థిక వ్యవస్థలు గల దేశముల వారు 44 శాతము. 2025లో ఏడవ నివేదికకు 111 దేశముల నుండి 664 మంది ఎన్నికైరి. అందు వీరి భాగము 51 శాతము. స్త్రీల భాగము 33 నుండి 46 శాతమునకు పెరిగెను. ఇది మెచ్చదగిన ప్రగతి.

కాని తలల లెక్కతో సమస్య తీరదు. హిమాలయ హిమనదములు 2035 నాటికి అంతరించవచ్చునని 2007 నాటి నివేదికలోని ఆసియా ప్రకరణము చెప్పెను. అది పొరపాటని ఐ.పి.సి.సి. 2010లో అంగీకరించెను. ఆ ప్రకరణ రచయితలలో ఆసియావారు ఉండిరి. అయినను ఆ సంవత్సరము పరిశోధన పత్రికనుండి గాక, ఒక స్వచ్ఛంద సంస్థ నివేదికనుండి గ్రహింపబడెను. స్థానికుడు ఉన్నంతమాత్రమున చాలదు; అతని యెదుట స్థానికమైన కొలతలుండవలెను, సందేహించు తోటివారుండవలెను.

ఇట్టి ప్రాతినిధ్యము వలన యోగ్యత తగ్గునని కొందరు వాదింపవచ్చును. యోగ్యత యనగా ఆంగ్లమున ప్రకటించిన వ్యాసముల సంఖ్య మాత్రమే యైనచో ఆ వాదమున బలముండును. కాని ఒక నదీలోయ వరదలను ముప్పది యేండ్లు కొలిచినవాని జ్ఞానము కూడ యోగ్యతయే. బోధన భారముతో, పత్రికల చందా కట్టలేని కళాశాలలో పనిచేయువానికి తీరిక, గ్రంథములు, గణన యంత్రములు సమకూర్చుట దయ కాదు. నివేదిక సత్యమునకు అది అవసరము.

ఇది సాధ్యమే. పుణేలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ నిర్మించిన భూవ్యవస్థ నమూనా, ఆరవ నివేదికకు ఆధారమైన అంతర్జాతీయ నమూనాల పోలికలో చోటు పొందెను. 1901 – 2018 మధ్య భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగెనని 2020 నాటి భారత నివేదిక లెక్కగట్టెను. దీర్ఘకాలము ఓపికతో వ్రాసియుంచిన కొలతలు లేనిదే ఈ లెక్క కుదిరెడిది కాదు. పాఠశాల ఆవరణలో వర్షమాపకము నుంచి, ప్రతిదినము ఒకే వేళకు కొలత వ్రాయుట నేర్చిన విద్యార్థి ఈ పనికి తొలి పాఠము చదివినట్లే.